బావ కార్డు మీద డ్యూటీ

పెద్దాసుపత్రి, మగవాళ్ళ వార్డు,
కిటికీ పక్క మంచం
ఫిబ్రవరి 20

బావా,

ఉత్తరం మొదట్లో ఇక్కడ క్షేమం అని రాయాలి కదా. ఎనిమిది వేళ్ళ వరకూ క్షేమమే. కుడిచేతి నడిమివేలు, ఉంగరంవేలు మొన్న తీసేశారు. మిగతావాటికి కట్టు ఉంది. అందుకని నేను చెబుతుంటే మా ఆవిడ రాస్తోంది. అక్షరాలు బాగుంటే ఆ గొప్ప తనదనీ, తప్పులుంటే నావనీ రాయమంది, రాయించాను.

నువ్వు వెళ్ళిన నాలుగో రోజున నాకు సరిగ్గా స్పృహ వచ్చింది. మన లాండ్రీ కొత్త బ్రాంచికి సూపర్వైజరువి అయ్యావట. పదమూడేళ్ళు ఆవిరిలో ఉడికినందుకు ఇన్నాళ్ళకి నీకో కుర్చీ దొరికింది. సంతోషం బావా, నిజంగా చెబుతున్నాను.

మనవాళ్ళు నీకు తలోరకంగా చెప్పి ఉంటారు కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను. ఆ రోజు నాకు వారపు సెలవు. నువ్వు పన్ను నొప్పి, డాక్టరు దగ్గరికి పోవాలి అన్నావు. గేటు దగ్గర నీ హాజరు కార్డు పంచ్ చేసి నీ ఇస్త్రీ రోలరు దగ్గర నేను నిలబడ్డాను. బదులు డ్యూటీ మన ఇస్త్రీ హాల్లో కొత్తేం కాదుగా. నా పెళ్ళయిన కొత్తలో నా కార్డు మీద నువ్వు ఎనిమిది రోజులు చేశావు. భోజనాలయ్యాక తడి దుప్పట్లు వచ్చాయి. ప్రతిదీ, చేతులు లోపలికి పోకుండా పెట్టిన అడ్డకడ్డీకి తగిలి రోలరు ఆగిపోతోంది. అందరూ చేసేదే నేనూ చేశాను, కడ్డీని గుడ్డపీలికతో పైకి కట్టేశాను. ఒక దుప్పటి మూల మడతపడితే సర్దబోయాను. ఈసారి రోలరు ఆగలేదు.

రోలరు వెనక్కి తిప్పి చెయ్యి లాగిందీ, వెనక గేటులోంచి బండెక్కించిందీ మనవాళ్ళే. దారిలోనే అంతా ఒక మాట అనుకున్నారు. నీ కార్డు మీద నేనున్నానని బయటపడితే మనిద్దరితో పోదు, హాలు మొత్తం వీధిన పడుతుంది. కాబట్టి నా చెయ్యి మా ఇంటి తలుపు సందులో నలిగింది. మేస్త్రీ ఆ కాసేపూ బాయిలరు దగ్గర ఏదో చూస్తూ ఉండిపోయాడట. డాక్టరు మాత్రం నా చేతిని అటూ ఇటూ తిప్పి, “మీ ఇంట్లో తలుపులు కాలుతూ ఉంటాయా?” అని అడిగాడు.

అక్కకీ తలుపనే చెప్పాం. నిజం చెబితే మేస్త్రీ గుమ్మంలో కూర్చుంటుంది, తన సంగతి నీకు తెలుసు. మొన్న మా ఇంటికి వెళ్ళి ఆ తలుపుని నానా తిట్లూ తిట్టి వచ్చిందట. సామాన్లు సర్దుకుని వచ్చే వారం నీ దగ్గరికి వస్తుంది.

ఒక్క మాట అడగాలి. నా పక్క మంచంలో లారీల మీదకి మూటలెక్కించే ఆయన ఉన్నాడు. మోకాలు విరిగింది. పనిలో దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు, పనిలేని రోజులకి జీతంలో కొంత, శాశ్వతంగా ఏదైనా పోతే దానికి విడిగా పరిహారం వస్తాయట. ఆయన కోసం వాళ్ళ ఆఫీసు మనిషి కాగితాలు పట్టుకుని వచ్చాడు. నాలాంటి వాడికీ వస్తుందా? పేర్లు చెప్పకుండా, నీ పద్ధతిలో కనుక్కో.

నీ బామ్మర్ది

అన్నయ్య గారూ, ఈ నాలుగు ముక్కలు ఆయన చెప్పమన్నవి కావు. ఇదంతా ఆయన నవ్వుతూనే చెప్పారు. కానీ చెబుతున్నంతసేపూ మొహం గోడవైపు తిప్పుకుని ఉన్నారు. త్వరగా జవాబు రాయండి.

—

కొత్త బ్రాంచి క్వార్టర్స్, మూడో నంబరు
మార్చి 11

ఒరే బామ్మర్దీ,

నీ ఉత్తరం చదివి అన్నం తినలేకపోయాను. ఆ రోజు నుంచీ నా కుడిచెయ్యి నాకే బరువుగా ఉంది. నేను నిలబడాల్సిన చోట నువ్వు నిలబడ్డావు. ఈ మాట నీకు ఎన్నిసార్లు రాసినా చాలదని తెలుసు.

ఆసుపత్రిలోనే నీ మంచం పక్కన కూర్చోవలసింది. కానీ నాలుగు రోజుల్లో చేరకపోతే పోస్టు ఇంకొకడికి ఇస్తామన్నారు. నువ్వు కళ్ళు మూసుకుని ఉండగా వచ్చి చూసి, నీ పాదాల దగ్గర కాసేపు నిలబడి వెళ్ళిపోయాను.

ఇక నువ్వడిగింది. తెలిసిన పెద్దమనిషి ఒకాయన్ని అడిగాను. పరిహారాలూ అవీ కార్డు ఎవరిదో వాళ్ళకేనట. మరొకడి కార్డు మీద పనిచేశావంటే కంపెనీని మోసం చేసినట్టే లెక్క. పైగా కడ్డీ కట్టేసింది నువ్వే. పైసా రాకపోగా ఉద్యోగం ఊడుతుంది, నాదీ ఊడుతుంది, మన హాల్లో వాళ్ళ నోటి దగ్గర కూడు పోతుంది. కదిలిస్తే కంపు తప్ప ఏమీ మిగలదు. నా మాట చెవిన వేసుకుని ఈ సంగతి ఇక్కడితో వదిలెయ్.

నేను కాస్త కుదురుకోనీ. స్టోర్సులో కూర్చుని చేసే పని ఏదైనా చూసి నిన్నిక్కడికి రప్పిస్తాను. చెల్లెమ్మకి మడతల విభాగంలో చోటు దొరక్కపోదు. అందరం ఒకే వరస ఇళ్ళలో ఉందాం.

మీ అక్క వచ్చింది. వంటగది చిన్నదని సణుగుతూ మూడుసార్లు సామాన్లు మార్చింది. నీ పేరెత్తితే ఏడుస్తుంది. అందుకే ఫోనులో ఈ విషయాలు వద్దు, ఇల్లు చిన్నది, ప్రతి మాటా తన చెవిన పడుతుంది. బ్రాంచి ఆఫీసు చిరునామాకి ఉత్తరం రాయి, నా చేతికే వస్తుంది.

మీ బావ

—

మన ఇల్లు
ఏప్రిల్ 12

బావా,

ఇది నా ఎడమచేతి రాత. నాలుగు రోజులు పట్టింది. నవ్వకు.

ఇంటికొచ్చాను. మిగిలిన మూడు వేళ్ళలో బొటనవేలు బాగా ఆడుతుంది. చూపుడువేలు సగం వంగుతుంది. చొక్కా గుండీలు మా ఆవిడ పెడుతోంది. పొద్దున్నే డ్యూటీకి పరిగెత్తుతూ పెడుతుందేమో, ఒక్కోరోజు ఒక గుండీ పైకి ఎక్కుతుంది. సాయంత్రం తను వచ్చేదాకా అలాగే తిరుగుతాను.

లాండ్రీకి వెళ్ళాను. నీ రోలరు దగ్గర ఎవరో కొత్తవాడున్నాడు. కడ్డీ మళ్ళీ కట్టే ఉంది. చెయ్యి పూర్తిగా బాగయ్యాక రా, చూద్దాం అన్నాడు మేస్త్రీ. పోయిన వేళ్ళు బాగవడం ఏమిటి మేస్త్రీ అన్నాను. ఆయన బాయిలరు దగ్గరికి వెళ్ళిపోయాడు.

నువ్వు చెప్పినట్టే ఎవరికీ ఏమీ చెప్పలేదు. మా ఆవిడకి మాత్రం నీ పెద్దమనిషి మాట మీద నమ్మకం కుదరలేదు. సూపర్వైజర్లకి శిక్షణ ఇస్తారట కదా. అందులో ఈ సంగతులు చెబుతారేమో. చెబితే రాయి.

బామ్మర్ది

—

బ్రాంచి ఆఫీసు
మే 10

ఒరే బామ్మర్దీ,

నీ ఎడమచేతి రాత నా కుడిచేతి రాత కన్నా నయంగా ఉంది. పాపకి చూపించి, మామయ్యని చూసి నేర్చుకో అన్నాను. మామయ్య ఎప్పుడొస్తాడని అడుగుతోంది.

శిక్షణ అయింది. వారం రోజులు. మంట ఆర్పే సిలిండరు ఎలా పట్టుకోవాలో ఒక పూటంతా చెప్పారు. ఒకాయన పిన్ను లాగి, గొట్టం తన వైపే పెట్టుకుని పొట్ట నిండా పొడి కొట్టుకున్నాడు. దుప్పటి మడతకి ఎన్ని క్షణాలు పట్టాలి, ఏ మరకకి ఏ మందు, కుట్లు ఊడిన తువ్వాళ్ళు ఏ సంచిలో వెయ్యాలి, అన్నీ చెప్పారు. భోజనం బాగుంది. ఇక్కడి రోలర్లు కొత్తవి. కడ్డీ కట్టే వీలే లేదు, కడితే యంత్రమే కదలదు. అవి చూసినప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు.

నువ్వడిగిన విషయం పెద్దగా ఏమీ చెప్పలేదు. చివరి రోజు ఎవరో ఒకాయన వచ్చి చట్టాలవీ ఏవో చెప్పాడు గానీ నేను వెనక వరసలో ఉన్నాను, ఫ్యాన్ల మోతలో సరిగ్గా వినపడలేదు.

ఆయింట్‌మెంటు మానకు. వేళ్ళు వంచే వ్యాయామం మానకు. కొద్దిగా డబ్బు పంపుతున్నాను, వద్దనకు.

మీ బావ

—

మన ఇల్లు
జూన్ 25

బావా,

నువ్వు పంపినది అందింది. తిరిగి పంపుతున్నాను. కోపం కాదు. మా ఆవిడ పుచ్చుకోనివ్వడం లేదు.

లాండ్రీలో నా పేరు కొట్టేశారు. తలుపు సందులో చెయ్యి పెట్టుకున్నవాడికి కంపెనీ ఏం చేస్తుందన్నారు. నేను చెప్పిన మాటే కదా, తిరిగొచ్చేశాను. ఒక దుకాణంలో గుడ్డల మూటలకి చీటీలు అంటిస్తున్నాను. ఎడమచేత్తో అంటించవచ్చు. కానీ కత్తిరించేటప్పుడు పట్టుకోవడానికి రెండో చెయ్యి కావాలి. అప్పుడు పళ్ళతో పట్టుకుంటాను.

మూడోసారి అడుగుతున్నాను. పరిహారం సంగతి నువ్వు మళ్ళీ ఎక్కడైనా విన్నావా? దానికి ఆఖరి తేదీ లాంటిది ఏమైనా ఉందా? నువ్వు అక్కడ ఆఫీసులో ఉంటావు, నలుగురూ వస్తూ పోతూ ఉంటారు, నీకు తెలిసే అవకాశం ఉంది.

నువ్వు చెయ్యమంటే చేస్తాను. వద్దంటే మానేస్తాను. ఆలోచించి రాయి. నీ జవాబు కోసం చూస్తాను.

బామ్మర్ది

—

బ్రాంచి ఆఫీసు
జూలై 19

బామ్మర్దీ,

జవాబు ఆలస్యమైంది. ఇక్కడ ఊపిరాడటం లేదు. ఆగస్టు నెలాఖరుకి పెద్దాఫీసు వాళ్ళు తనిఖీకి వస్తున్నారు. నా పోస్టు ఖాయం చేసేది అప్పుడే. పాత బ్రాంచి కార్డులతో సహా నా రికార్డంతా తెప్పించుకుని చూస్తున్నారు.

ఆఖరి తేదీలవీ నాకు తెలియదు. ఉన్నా మన విషయానికి వర్తించవు. తొందరపడి ఎక్కడా కాలు పెట్టకు. తనిఖీ దాటనీ, తర్వాత తీరిగ్గా కూర్చుని ఆలోచిద్దాం. ఇన్నాళ్ళు ఆగినవాడివి, ఇంకో నెల ఆగలేవా?

స్టోర్సులో చోటు మాట మర్చిపోలేదు. మీ అక్కకి కాస్త నలతగా ఉంది. పాప కొత్త బళ్ళో చేరింది.

మీ బావ

—

క్వార్టర్స్, మూడో నంబరు
ఆగస్టు 27

ఒరే,

ఏమని పిలవాలో తెలియక ఇలా మొదలుపెట్టాను.

నిన్న ఇక్కడ మడతల బల్ల దగ్గర ఒకావిడ వేలు యంత్రం గొలుసులో పడి నలిగింది. ఎముక విరగలేదు గానీ గోరు ఊడింది. పరధ్యానంగా ఉన్నాను, తప్పు నాదేనండీ అని ఏడుస్తోంది. సూపర్వైజరుని నేనే కాబట్టి ప్రమాద ఫారం నేనే నింపాలి. పేరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తుండగా, ఎవరు చూశారు. పావుగంటలో అయిపోయింది. కింద సంతకం పెడుతుంటే చెయ్యి ఆగిపోయింది. ఇంత చిన్న పనా నేను ఆరు నెలలు తప్పించుకు తిరిగింది!

నీకు అబద్ధాలు రాశాను. మార్చిలో ఏ పెద్దమనిషినీ అడగలేదు. భయంతో నేనే పుట్టించి రాశాను. అప్పటికి అది నిజమే అయి ఉంటుందని నమ్మాను కూడా. ఏప్రిల్ ఆఖరున శిక్షణలో ఆ నమ్మకం పోయింది. చివరి రోజు వచ్చినాయన పరిహారం ఆఫీసు అధికారి. నేను కూర్చున్నది వెనక వరసలో కాదు, రెండో వరసలో. ఒక్క అక్షరం పోకుండా విన్నాను. పనిచేస్తుండగా దెబ్బ తగిలితే చాలు, తప్పు ఎవరిదని చూడరట. కడ్డీ కట్టేసినా, ఏమరుపాటుగా ఉన్నా పరిహారం ఆగదట. వైద్యం ఖర్చు, మానిన రోజులకి జీతంలో పెద్ద భాగం, పోయిన వేళ్ళకి విడిగా పరిహారం, పాత పని చేయలేకపోతే కొత్త పని నేర్పించడం, అన్నీ ఉన్నాయి. ఆరు నెలల్లోగా తెలియజేయాలి, అంతే షరతు.

నేను లేచి, ఎవరి గురించో అడిగినట్టు అడిగాను. ఒకడి కార్డు మీద మరొకడు పనిచేస్తుంటే ఎలా అని. ఆయన నవ్వి, “రోలర్లో పడింది కార్డు కాదు కదండీ” అన్నాడు. కార్డు మార్చినందుకు కంపెనీ మందలించవచ్చు, జీతం కోయవచ్చు, కానీ పరిహారం దెబ్బ తిన్న మనిషిదే అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ సాయంత్రమే నీకు రాయాలి. రాయలేదు. నా పోస్టు, ఈ క్వార్టర్సు, పాప బడి, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఆగస్టు తొమ్మిదికి ఆరు నెలలు నిండుతాయని గోడ క్యాలెండరు చూసి లెక్కపెట్టుకున్నాను. అది దాటిన రోజు గండం గడిచిందనుకున్నాను. నా మీద నాకు అన్నిటికన్నా అసహ్యం వేసేది ఆ క్షణాన్ని తలుచుకుంటేనే.

ఇంకొకటి. ఆ రోజు నాకు పన్ను నొప్పి లేదు. ఒంట్లో బద్ధకంగా ఉండి, మీ అక్కకి సెలవని చెప్పి ఇంట్లో పడుకున్నాను. నీ చెయ్యి రోలర్లో పడ్డ గంటలో నేను నిద్రపోతున్నాను.

దీంతో నా వాంగ్మూలం పెట్టాను. కార్డు నాదనీ, యంత్రం దగ్గర ఉన్నది నువ్వనీ, నాకు తెలిసి దాచాననీ సంతకం చేసి రాశాను. గడువు దాటినా దీన్ని తీసుకెళ్ళి ఆ ఆఫీసులో ఇవ్వు. మీ అక్కకి ఈ పొద్దున అంతా చెప్పేశాను.

మీ బావ

—

మన ఇల్లు
సెప్టెంబరు 6

బావ గారికి,

మీ ఉత్తరం, వాంగ్మూలం అందాయి.

మీరు దాచింది నాకు కొత్త విషయం కాదు. జూన్ పద్దెనిమిదినే నేను ఆ ఆఫీసుకి వెళ్ళాను. మా ఆవిడ బలవంతం మీద వెళ్ళాను. రెండో అంతస్తులో, కిటికీ అద్దం పగిలిన గదిలో, కళ్ళజోడు గుమాస్తా ఒకావిడ ఉంది. నేను పేర్లు లేకుండా చెప్పిందంతా విని, మీ అధికారి మీకు చెప్పినవే నాకూ చెప్పింది. ఫారం ఇచ్చింది. అడగడానికి వచ్చినవాళ్ళ పుస్తకంలో నా పేరు రాయించి ఎడమచేత్తో సంతకం పెట్టించుకుంది. ఆగస్టు తొమ్మిది దాటనివ్వకండి అని రెండుసార్లు చెప్పింది.

ఆ సాయంత్రమే ఫారం నింపాను. సాక్షి అన్నచోట ఒక్కటే ఖాళీ. మీ అనుమతి నాకు అక్కర్లేదు. హాల్లో ఎవరి పేరు రాసినా సరిపోయేది. కానీ ఆ మాట మీ నోట రావాలనిపించింది. బామ్మర్దీ, వెళ్ళి చెయ్యరా, వచ్చేది రానీ అని మీరు ఒక్క ముక్క రాస్తే చాలనుకున్నాను. అందుకే అన్నీ తెలిసీ మూడోసారి అడిగాను. శిక్షణలో ఇవన్నీ చెబుతారని కూడా ఆవిడే చెప్పింది, కాబట్టి మీకు తెలుసని నాకు తెలుసు. మీరు జూలైలో రాసిన జవాబు చదివి ఫారం మడిచి పెట్టేశాను.

మా ఆవిడ ఒకరోజు సూటిగా అడిగింది. “మీకు పరిహారం కావాలా, మీ బావ కావాలా?” నాకు రెండూ కావాలి. ఆ మాట పైకి అనడానికి సిగ్గేసింది. చిన్నప్పుడు నాన్న పోయాక నన్ను లాండ్రీలో చేర్పించిందీ, రోలరు దగ్గర నిలబడటం నేర్పిందీ మీరే. మీరు నన్ను వదిలేశారన్న సంగతి నేను ఫారం మీద రాసి సంతకం పెట్టలేకపోయాను.

ఆగస్టు తొమ్మిదిన ఆ ఆఫీసు ఎదురుగా టీ బల్ల మీద కూర్చున్నాను. ఫారం జేబులోనే ఉంది. లేచి రోడ్డు దాటితే చాలు. మీ ఉత్తరం ఆ రోజు వస్తుందేమో, ఇంటికి వెళ్ళి చూసి వద్దామా అని కూడా అనుకున్నాను. తలుపులు వేసేదాకా అలాగే కూర్చున్నాను. ఆ పంతం ఎవరి మీదో నాకు ఇప్పటికీ తెలియదు. మీరు భయంతో చేశారు, నేను తెలిసి చేశాను. ఇందులో సగం తప్పు నాదే.

మీ వాంగ్మూలం తీసుకుని నిన్న వెళ్ళాను. తెలియక ఆలస్యమైతే మన్నిస్తారట. కానీ నాకు జూన్‌లోనే తెలుసని వాళ్ళ పుస్తకంలోనే నా సంతకం ఉంది. ఆవిడ ఆ పేజీ తీసి చూపించింది. ఇక మిగిలింది ఒక్క దారేనట. కంపెనీ సూపర్వైజరు తానే నన్ను పక్కదారి పట్టించినట్టు, తొందరపడవద్దని ఆపినట్టు అప్పటి కాగితం ఏదైనా ఉంటే ఆలస్యం కంపెనీ ఖాతాలోకి పోతుందట. ఇప్పుడు రాసిచ్చిన వాంగ్మూలం సరిపోదంది, బంధువు కాబట్టి జాలిపడి రాశాడంటారట.

అలాంటి కాగితాలు నా దగ్గర మూడున్నాయి. మార్చిది, మేది, జూలైది. మా ఆవిడ వాటిని తీసి నా ముందు పెట్టింది. నేను వాటిని ఇవ్వలేదు. ఇస్తే మీకు మందలింపుతో పోదు. అక్కని తలుచుకుని ఆగాను, మిమ్మల్ని తలుచుకుని కాదు.

ఇట్లు

—

క్వార్టర్స్, మూడో నంబరు
సెప్టెంబరు 14

బామ్మర్దీ,

నువ్వు నన్ను మీరు అన్నావు. నిన్ను ఎత్తుకుని తిప్పినవాడిని కాను గానీ, సైకిలు వెనక కూర్చోబెట్టుకుని మొదటి డ్యూటీకి తీసుకెళ్ళినవాడిని. ఆ ‘మీరు’ దగ్గర నా కళ్ళు ముందుకి కదల్లేదు.

ఆ మూడు ఉత్తరాలూ ఇచ్చెయ్. నేను చెబుతున్నాను, వెళ్ళి ఇచ్చెయ్. జూన్‌లో రాయవలసిన మాట ఇప్పుడు రాస్తున్నాను. ఇది ఆలస్యమైన మాటేనని నాకు తెలుసు.

వాళ్ళకి వెతుకులాట లేకుండా చెబుతాను, పెన్సిలుతో గీత పెట్టుకో. మార్చి ఉత్తరంలో ‘తెలిసిన పెద్దమనిషి’ దగ్గర్నుంచి ‘వదిలెయ్’ దాకా. మే ఉత్తరంలో ‘పెద్దగా ఏమీ చెప్పలేదు’ అన్నచోట, ఫ్యాన్ల మోత అన్నచోట. అప్పటికి నేను సూపర్వైజరుని, శిక్షణ హాజరు పట్టీలో నా సంతకం ఉంటుంది, తెప్పించుకోమను. జూలై ఉత్తరం మొత్తం. ‘తొందరపడి ఎక్కడా కాలు పెట్టకు’ అన్నది వాళ్ళకి బాగా పనికొస్తుంది.

అక్కని తలుచుకుని ఆగానన్నావు. మీ అక్క నాకు వేళకి అన్నం పెట్టి పక్క గదిలోకి వెళ్ళిపోతోంది. పద్దెనిమిది రోజులయింది, ఒక్క మాటే మాట్లాడింది, నీ ఉత్తరం చదివాక. “వాడు ఆ ఉత్తరాలు ఇవ్వకపోతే నేను పట్టుకెళ్ళి ఇస్తాను.” కాబట్టి తన కోసం ఆగకు.

మేనేజరుకి నేనే రాసిచ్చాను. ఎవరో చెప్పగా తెలియడం కన్నా అది నయమనిపించింది. సూపర్వైజరు పని నుంచి దింపేశారు. విచారణ తేలేదాకా ఉతికే విభాగంలో సంచులు విప్పుతున్నాను. నెలాఖరుకి క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి. మీ అక్క గది ఒకటి చూసింది. బదులు డ్యూటీలు చేసిన మనవాళ్ళ పేర్లు అడిగారు. నావీ నీవీ తప్ప చెప్పలేదు, చెప్పను.

నువ్వు సగం తప్పు నీదన్నావు. ఆ సగం తీసుకోకు. నువ్వు నా మాట కోసం ఆగావు, అది తప్పెలా అవుతుంది?

బావ

—

మన ఇల్లు
నవంబరు 2

బావా,

ఉత్తరాలు ఇచ్చాను. ఇచ్చే ముందు మూడూ మళ్ళీ చదివాను. నువ్వు చెప్పిన చోటల్లా గీతలు పెట్టాను. మార్చి ఉత్తరంలో ఆసుపత్రిలో నా పాదాల దగ్గర నిలబడ్డానని రాశావు. ఇంతకు ముందు ఆ ముక్క మీద నా కళ్ళు నిలబడలేదు. గుమాస్తా ఆవిడ ప్రతి పేజీ మీదా ముద్ర వేసింది. ఆ ముక్క మీద కూడా ముద్ర పడింది.

పరిహారం ఆఫీసులో విచారణ రెండుసార్లు జరిగింది. అధికారి నువ్వు విన్నాయనే అనుకుంటాను, నవ్వు మొహం. ఈసారి నవ్వలేదు. జూన్‌లోనే తెలుసు కదా, ఎందుకు ఆగారని అడిగాడు. మా బావ చెబుతాడని ఆగానన్నాను. ఆయన దాన్ని అలాగే రాసుకున్నాడు.

నిన్న తీర్పు వచ్చింది. ఆలస్యాన్ని మన్నించారు. ఆసుపత్రి ఖర్చు ఇస్తారు, పనిలేని నెలలకి జీతం భాగం ఇస్తారు. వేళ్ళ సంగతి వైద్యుల బోర్డు చూసి తేలుస్తుంది. నాకు కొత్త పని కూడా నేర్పిస్తారట, గిడ్డంగి రికార్డులు రాయడమో, యంత్రాల తనిఖీయో ఎంచుకోమన్నారు. తనిఖీ అన్నాను. మన హాల్లో రోలర్లకి కట్టలేని కడ్డీలు బిగించమని కంపెనీకి ఉత్తర్వు వెళ్ళింది. కార్డుల విషయంలో హాల్లో వాళ్ళని మందలించి వదిలేశారు. మేస్త్రీ మా ఇంటికి వచ్చి కాసేపు కూర్చున్నాడు. టీ తాగి వెళ్ళిపోయాడు.

నిన్ను ఉద్యోగం నుంచి తీసేశారని అక్క ఫోనులో చెప్పింది. నేను గెలిచిన కబురూ అదీ ఒకే రోజు వచ్చాయి. మా ఆవిడ మిఠాయి తెచ్చింది, ఇద్దరం తినలేకపోయాం. నా కాగితాలే నీ ఉద్యోగం తీశాయి. నువ్వే ఇమ్మన్నావని ఎంత సర్దిచెప్పుకున్నా అది నాకు మింగుడు పడటం లేదు.

నీ మీద కోపం చాలావరకు పోయింది. కానీ నిన్ను చూస్తే నా మొహం ఎలా ఉంటుందో నాకు తెలియదు. వీధిలో నీలాంటి నడక ఎవరిదైనా కనిపిస్తే పిలవబోయి ఆగిపోతున్నాను. నిన్ను కోరుకున్నంతగా నేను ఆ పరిహారాన్ని కోరుకోలేదు బావా. నువ్వు జూన్‌లో ఒక్క ముక్క రాసి ఉంటే, ఈ రోజు ఇద్దరికీ ఉద్యోగాలు లేకపోయినా ఒకే అరుగు మీద కూర్చుని ఉండేవాళ్ళం.

పాపకి బడి సెలవులు ఎప్పుడో కనుక్కుని రాయి. అక్కనీ పాపనీ మా దగ్గరికి పంపు. ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉండనీ. బస్సు దిగే చోటికి నేనే వచ్చి తీసుకెళ్తాను. సంచి ఒకటి నేనూ మోయగలను.

నువ్వు మాత్రం ఇప్పుడే రాకు.

నీ బామ్మర్ది